లైఫ్ టైమ్ అంటే ఎవరి లైఫు?

మాచర్లలో ఏ రీఛార్జ్ కొట్టు ముందు కాసేపు నిలబడినా ఒక ప్రశ్న చెవిన పడుతుంది: "నెలకు వెయ్యమంటారా, ఏడాదికా?" టీవీ డిష్‌కైనా, ఫోనుకైనా, ఇంట్లోకి వచ్చిన ఫైబర్ వైరుకైనా అదే ప్రశ్న. చాలామంది ఆ పూట జేబులో ఎంత ఉందో చూసుకుని జవాబు చెప్పేస్తారు. ఏడాదికి కడితే ఒక నెల ఉచితం అంటే కాస్త ఆగి ఆలోచిస్తారు. ఒక్కసారి కడితే ఇక ఎప్పటికీ కట్టక్కర్లేదు అంటే మాత్రం ఆలోచన ఆగిపోతుంది, చెయ్యి జేబులోకి పోతుంది. నిజానికి ఎక్కువ ఆలోచించాల్సింది అక్కడే. ఈ మూడింట్లో ఏది చవకో రేట్ల కాగితం చెప్పలేదు. మీ డబ్బుకు ఊళ్లో నడిచే వడ్డీ ఎంత, ఆ పెట్టె ఎన్నాళ్లు బతుకుతుంది అన్న రెండు సంగతులు కలిపితేనే అది తేలుతుంది. ఒకే పెట్టెకు, ఒకే ధరకు, ఒకే వీధిలో ఉన్న ఇద్దరికి రెండు వేర్వేరు జవాబులు రావచ్చు. ఆ రెండూ సరైనవే కావచ్చు.

వీసీఆర్ ఉన్న రోజుల్లో ఈ చర్చే లేదు. పెట్టె కొన్నాక మిగిలేది క్యాసెట్ల ఖర్చొక్కటే. ఎన్ని గంటలకు రికార్డు మొదలవ్వాలో మనమే పెట్టుకునేవాళ్లం, కరెంటు పోతే ఆ ఎపిసోడ్ పోయేది. 1999లో అమెరికాలో టీవో అనే కంపెనీ క్యాసెట్టుకు బదులు హార్డ్ డిస్కు ఉన్న రికార్డరును అమ్మకానికి పెట్టింది. ఆ పెట్టె తెలివంతా ఏ చానల్లో ఎప్పుడు ఏం వస్తుందో చెప్పే పట్టికలో ఉంది. సీరియల్ పేరు ఒకసారి చెబితే చాలు, టైము మారినా వెతికి పట్టుకుని రికార్డు చేసేది. ఆ పట్టికను కంపెనీయే తయారుచేసి టెలిఫోన్ లైను మీదుగా పంపేది. పట్టిక రావడం ఆగిందా, పెట్టెకు కళ్లు పోయినట్టే. అందుకే వస్తువు కొన్నాక కూడా చందా కట్టాల్సి వచ్చింది: నెలకు 9.95 డాలర్లు, లేదా ఒకేసారి 199 డాలర్లు. మన దేశంలో 2006లో మొదలైన టాటా స్కై 2008లో 'ప్లస్' పేరుతో రికార్డు చేసే సెట్ టాప్ బాక్సు తెచ్చింది, తర్వాత మిగతా డిష్ కంపెనీలూ తెచ్చాయి. ఇక్కడ టీవీ చందా నెల, ఆర్నెల్లు, ఏడాది దగ్గరే తిరిగింది. లైఫ్ టైమ్ అన్న మాట మనకు సిమ్ కార్డు రూపంలో వచ్చింది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ముందు లెక్క. ఒక రికార్డరుకు నెల చందా 300 రూపాయలు, లైఫ్ టైమ్ 10,000 రూపాయలు అనుకుందాం. ఇవి లెక్క తేలిగ్గా ఉండటానికి తీసుకున్న అంకెలు. మామూలుగా అందరం చేసేది 10,000ను 300తో భాగించడం. 33 నెలలు వస్తుంది. మూడేళ్లు వాడితే గిట్టుబాటు, ఆ పైన అంతా లాభం అనుకుంటాం. ఈ లెక్కలో పెద్ద లోపం ఒకటుంది. ఇవాళ చేతిలో ఉన్న 10,000, మూడేళ్లపాటు విడివిడిగా పోయే 10,000 రెండూ ఒకటే అని అది అనుకుంటోంది. పల్నాడులో ఆ మాట ఎవరూ ఒప్పుకోరు. ప్రామిసరీ నోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి రెండు. ఆ 10,000ను అలా తిప్పితే నెలకు 200 వస్తుంది. చందా 300 కట్టాలి కాబట్టి వడ్డీ 200 పోను అసల్లోంచి తీసేది మొదటి నెల 100 మాత్రమే. అలా అసలు కరుగుతూ కరుగుతూ మొత్తం అయిపోవడానికి 33 నెలలు కాదు, 55 నెలలు పడుతుంది. అంటే నాలుగేళ్ల ఏడు నెలలు పెట్టె నడిచాకే లైఫ్ టైమ్ కట్టినవాడు నెలనెలా కట్టినవాడితో సమానమవుతాడు. అదే డబ్బు బ్యాంకులో ఏడాదికి ఏడు శాతం చొప్పున ఫిక్స్‌డ్ డిపాజిట్లో ఉన్నవాడికి 37 నెలలు చాలు. ఇక మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కట్టేవాడి సంగతి చూడండి. 10,000 మీద నెలకు 300 వడ్డీ. చందా కూడా 300. అసలు ఎప్పటికీ అలాగే ఉంటుంది. ఆ మనిషికి లైఫ్ టైమ్ ఈ జన్మలో గిట్టదు.

దీన్నుంచి చిన్న సూత్రం ఒకటి తీయొచ్చు. నెల చందాను లైఫ్ టైమ్ ధరతో భాగిస్తే ఆ బేరంలో దాగి ఉన్న వడ్డీ బయటపడుతుంది. మన లెక్కలో 300 బై 10,000, అంటే నూటికి మూడు. లైఫ్ టైమ్ కట్టడమంటే కంపెనీకి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పివ్వడం లాంటిది, వడ్డీని చందా రూపంలో తిరిగి తీసుకుంటున్నాం. ఈ కొలతతో టీవో ధరలు చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 1999లో 9.95 బై 199, సరిగ్గా నూటికి అయిదు. తర్వాత కొన్నేళ్లకు 12.95 డాలర్లు, 299 డాలర్లు. నూటికి నాలుగుంబావు పైచిలుకు. 2013 నాటి పెట్టెలకు 14.99, 499.99, నూటికి మూడు. మధ్యలో 2006లో కొంతకాలం లైఫ్ టైమ్‌ను ఎత్తేసి ఒకటి, రెండు, మూడేళ్ల ఒప్పందాలు పెట్టి చూసింది, తర్వాత మళ్లీ తెచ్చింది. అంటే మొదట్లో తను ఇచ్చిన బేరం మరీ ఉదారంగా ఉందని కంపెనీకి అనుభవం మీద తెలిసిందన్నమాట. పొదుపు ఖాతా మీద ఏడాదికి నాలుగైదు శాతం కూడా రాని అమెరికాలో నెలకు నూటికి అయిదు అంటే చెప్పక్కర్లేదు. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్లకైనా ఆ రోజుల్లో లైఫ్ టైమే సరైన జవాబు. అదే జవాబును పట్టుకొచ్చి రెండు రూపాయల వడ్డీ నడిచే ఊళ్లో చెబితే తప్పవుతుంది.

వడ్డీ సగం కథే. రెండో సగం గండం. ఊళ్లో వందమంది ఒకే రకం పెట్టె కొని అందరూ లైఫ్ టైమ్ కట్టారనుకోండి. ఆ వందలో నెలకు ఒకటి రెండు పెట్టెలు ఏదో ఒక కారణంగా మూలపడతాయి. నెలనెలా కట్టేవాడి పెట్టె పోతే వాడు కట్టడం మానేస్తాడు, అంతే. ముందే కట్టినవాడి డబ్బు పెట్టెతో పాటు పోతుంది. అంటే వందకు నెలకు ఒకటిన్నర పెట్టెలు పోతున్నాయంటే, ముందే కట్టిన వందమందీ కలిసి నెలకు నూటికి ఒకటిన్నర చొప్పున అదనపు వడ్డీ పోగొట్టుకుంటున్నట్టు లెక్క. గండం వడ్డీలాగే పనిచేస్తుంది, వడ్డీ మీద కూడుతుంది. ఈ లెక్క కొత్తది కాదు. 1693లో, తోకచుక్కకు తన పేరు వచ్చిన ఎడ్మండ్ హేలీ, ఇప్పుడు పోలండ్‌లో వ్రోత్సావ్ అని పిలిచే బ్రెస్లా పట్టణపు జనన మరణ వివరాలు తీసుకుని ఏ వయసువాళ్లు ఏటా ఎంతమంది పోతున్నారో పట్టిక వేశాడు. అప్పట్లో ప్రభుత్వాలు ఒకేసారి డబ్బు తీసుకుని బతికినంతకాలం ఏటా ఇంత ఇస్తామని పత్రాలు అమ్మేవి. ఇరవై ఏళ్లవాడికీ అరవై ఏళ్లవాడికీ అదే ధర. అది తప్పని, వయసును బట్టి ధర మారాలని హేలీ వడ్డీనీ మరణాలనూ కలిపి లెక్కగట్టి చూపించాడు. నేటి బీమా శాస్త్రానికి పునాదుల్లో అదొకటి. లైఫ్ టైమ్ చందా కూడా అలాంటి పత్రమే. కాకపోతే ఇక్కడ లెక్కకొచ్చేది మన ఆయుష్షు కాదు. టీవో తన షరతుల్లోనే స్పష్టంగా రాసింది: లైఫ్ టైమ్ అంటే పెట్టె జీవితకాలం, కొన్నవాడిది కాదు. పెట్టె మారితే చందా దాంతో రాదు. తన ఖాతా పుస్తకాల్లో ఆ జీవితకాలాన్ని మొదట నాలుగేళ్లుగా లెక్క వేసుకుంది, పెట్టెలు అంతకంటే గట్టిగా నిలబడుతున్నాయని చూసి తర్వాత గడువు పెంచింది.

అమెరికాలో నాలుగైదేళ్లంటే పల్నాడులో ఎంత? ఇక్కడే మన ఎండ లెక్కలోకి వస్తుంది. పాడైన సెట్ టాప్ బాక్సును మెకానిక్ విప్పినప్పుడు పక్కన కూర్చుని చూడండి. కరెంటు లోపలికి వచ్చే మూలలో చిటికెన వేలి గోరంత వెడల్పున్న చిన్న చిన్న అల్యూమినియం డబ్బాలు నిలబడి ఉంటాయి. వాటిని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లంటారు. పైన గుండ్రటి మూత మీద శిలువ ఆకారంలో గీత కోసి ఉంటుంది, లోపల ఒత్తిడి పెరిగితే అక్కడ చీలడానికి. మంచి డబ్బాకు మూత చదునుగా ఉంటుంది. పోయినదానికి పూరీలా ఉబ్బి, గీత దగ్గర గోధుమరంగు పొక్కు కట్టి ఉంటుంది. దాని లోపల ఉండేది తడి. వేడికి ఆ తడి మెల్లగా ఆవిరై రబ్బరు బిరడా దాటి పోతుంది. తడి ఆరేకొద్దీ కరెంటును నిలకడగా అందించే శక్తి తగ్గి పెట్టె తనంతట తాను ఆరి వెలగడం, చివరికి వెలగకపోవడం జరుగుతుంది. ఇంజనీర్లు వాడే కొండగుర్తు ఇది: ప్రతి 10 డిగ్రీల వేడికి ఆ డబ్బా ఆయుష్షు సగమవుతుంది. డబ్బా మీద 105 డిగ్రీలు అని అచ్చేసి ఉంటుంది, ఆ వేడి దగ్గర సాధారణ రకానికి 2,000 గంటలు భరోసా. పెట్టె లోపల 55 డిగ్రీలుంటే అయిదు రెట్టింపులు, 64,000 గంటలు, అంటే రాత్రింబగళ్లు నడిస్తే ఏడేళ్ల నాలుగు నెలలు. 65 డిగ్రీలుంటే అందులో సగం, మూడేళ్ల ఎనిమిది నెలలు. రికార్డరు రిమోట్‌తో ఆపినా లోపల మేలుకునే ఉంటుంది కాబట్టి రాత్రింబగళ్లు అన్న లెక్క సరైనదే. మాచర్లకు పక్కనే ఉన్న రెంటచింతల పేరు ఏటా వేసవిలో రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతల వార్తల్లో వినిపిస్తుంది. మే నెలలో బయట 45 డిగ్రీలున్న రోజు, నాపరాయి అలమరలో టీవీ వెనక ఇరికించిన పెట్టె లోపల ఎంతుంటుందో ఊహించడం కష్టం కాదు. కాలిఫోర్నియాలో చల్లటి గదిలో కూర్చున్న పెట్టెకు వేసిన ఆయుష్షును ఇక్కడ అలాగే వాడుకోకూడదు.

హార్డ్ డిస్కు సంగతీ ఇంతే. తిరిగే చక్రం కాబట్టి ఏదో ఒక రోజు ఆగుతుంది. అయితే వస్తువులు పాడవడంలో ఒక క్రమం ఉంది. ఫ్యాక్టరీలో లోపంతో పుట్టినవి మొదటి కొన్ని నెలల్లోనే పోతాయి, ఆ తర్వాత చాలాకాలం అరుదుగా పోతాయి, ముసలితనంలో మళ్లీ వరసపెట్టి పోతాయి. దీన్ని గీతగా గీస్తే రెండు చివర్లూ లేచి మధ్య పల్లంగా స్నానపు తొట్టిలా ఉంటుంది. కాబట్టి కంపెనీ ఒప్పుకునేట్టయితే, కొన్న మొదటి రోజే లైఫ్ టైమ్ కట్టకుండా నాలుగైదు నెలలు నెలవారీగా నడిపి, ఆ తొలి గండం గడిచాక కట్టడం తెలివైన పని. ఆ నాలుగు నెలల చందా దండగ కాదు, అది పెట్టెను పరీక్షించినందుకు ఇచ్చిన కూలి.

పెట్టె గట్టిదే అనుకుందాం. కంపెనీ? టీవో బ్రిటన్‌లో 2000లో అడుగుపెట్టింది, అక్కడా లైఫ్ టైమ్ అమ్మింది. 2011 జూన్‌లో ఆ పాత పెట్టెలకు సేవ ఆపేసింది. అమెరికాలో మొట్టమొదటి తరం పెట్టెలకు 2016 సెప్టెంబరులో ఆపింది. చెడిపోని పెట్టెలు, హార్డ్ డిస్కు మార్చుకుని మరీ నడుపుకుంటున్నవి, ఆ రోజుతో ఆగిపోయాయి. అయితే ఒకటి ఒప్పుకోవాలి: 1999లో 199 డాలర్లు కట్టి 2016 దాకా వాడుకున్నవాళ్లు ఎంతో లాభపడ్డారు. మన దగ్గర దీనికి జంట కథ లైఫ్ టైమ్ సిమ్. 2005 డిసెంబరులో 999 రూపాయలకు జీవితాంతం ఇన్‌కమింగ్ అన్న పథకాలు వచ్చాయి. పల్లెల్లో అప్పటిదాకా ఫోను భారమనుకున్న లక్షల ఇళ్లలోకి అవి ఫోనును తెచ్చాయి. ఆ జీవితం ఎవరిదో తేల్చింది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్: కంపెనీకి లైసెన్సు ఉన్నంతకాలం. కంపెనీ లైసెన్సు ఆయుష్షు కొన్నవాడికి ఎలా తెలుస్తుంది? 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు ఒక్క తీర్పుతో 122 లైసెన్సులు రద్దు చేసింది. 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసింది. అదే ఏడాది చివర్లో మిగిలిన పెద్ద కంపెనీలు 28 రోజులకు కనీసం 35 రూపాయల రీఛార్జ్ ఉంటేనే సిమ్ నడుస్తుందన్నాయి. 2005లోనే కొన్నవాడికి 13 ఏళ్లు వచ్చింది, నెలకు ఆరున్నర రూపాయలైనా పడలేదు, మంచి బేరమే. 2015లోనో 2016లోనో అదే మాట నమ్మి కొన్నవాడికి మాత్రం జీవితకాలం రెండు మూడేళ్లకే తీరిపోయింది. మాట ఒక్కటే, మొదట కొన్నవాడికి నిజమైంది, చివర కొన్నవాడికి కాలేదు. లైఫ్ టైమ్ పథకం కొత్తగా వచ్చినప్పుడు కొనడానికీ, ముదిరిపోయాక కొనడానికీ ఇంత తేడా ఉంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. ధరలు పెరుగుతున్నాయి కదా, ముందే కడితే ఆ పెరుగుదల నుంచి తప్పించుకోవచ్చు కదా అని. మాట నిజమే. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు ఏపీ ఫైబర్‌నెట్ మొదటి ప్లాను టీవీ, ఇంటర్నెట్, ఫోను కలిపి నెలకు 149 రూపాయలు. ఆ ధర నిలవలేదు. చందా ఏడాదికి ఆరు శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే మన వడ్డీ, గండం మొత్తంలోంచి నెలకు నూటికి అర రూపాయి తీసేయాలి, అంతమేరకు లైఫ్ టైమ్ వైపు తూకం వంగుతుంది. కానీ ఈ అభ్యంతరం తన కాళ్లను తనే నరుక్కుంటుంది. ధర బాగా పెరిగినప్పుడే ముందు కట్టినవాడికి లాభం, అదే లాభం కంపెనీకి నష్టం. అంటే మనకు ఆ మాట అత్యంత విలువైనదైన రోజునే దాన్ని తప్పడానికి కంపెనీకి అత్యంత బలమైన కారణం ఉంటుంది. సిమ్‌ల విషయంలో జరిగింది అదే. అందుకే ముందు అడగాల్సింది ఇది: మనం కట్టడం ఆగాక కూడా కంపెనీ మన కోసం నెలనెలా ఏమైనా ఖర్చు పెట్టాలా? పట్టిక పంపడానికి ఒక్కో పెట్టె మీద అయ్యే ఖర్చు చాలా తక్కువ, అందుకే టీవో చాలాకాలం మాట నిలబెట్టుకోగలిగింది. టవర్లు నడపాలంటే రోజూ కరెంటు, డీజిలు, జీతాలు కావాలి. అలాంటి చోట జీవితకాలపు మాట నిలవాలంటే కొత్తవాళ్లు వచ్చి కడుతూనే ఉండాలి, వాళ్లు రావడం ఆగిననాడు మాట కూడా ఆగుతుంది.

మూడో గండం మన అవసరానిది, దీన్ని లెక్కలో వేసేవాళ్లు చాలా తక్కువ. 2008లో సీరియల్ తప్పిపోకూడదని రికార్డరు కొన్న ఇంట్లో 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఏం జరిగింది? అదే సీరియల్ ఫోనులో, ఎప్పుడంటే అప్పుడు. పెట్టె చెడిపోలేదు, కంపెనీ పోలేదు, అవసరం పోయింది. టీవో కూడా 2025 అక్టోబరు నుంచి రికార్డర్ల అమ్మకాన్నే మానేసింది. ఇవాళ మాచర్లలో డీవీఆర్ (డిజిటల్ వీడియో రికార్డరు) అని ఎవరైనా అంటే అది సీరియళ్లకు కాదు, కొట్లలో, నాపరాయి మిల్లుల్లో కెమెరాల కింద పెట్టే పెట్టె. అక్కడ బేరం ఇంకో రూపంలో ఎదురవుతుంది: హార్డ్ డిస్కున్న డీవీఆర్‌ను ఒక్కసారి కొనుక్కోవడమా, వైఫై కెమెరా పెట్టి బొమ్మలను కంపెనీ దగ్గర దాచడానికి నెలనెలా కట్టడమా? ఒక కెమెరా సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున పంపితే రోజుకు 10.8 గిగాబైట్లు, నాలుగు కెమెరాలకు 43 గిగాబైట్లు. ఒక టెరాబైట్ డిస్కులో 23 రోజులు పడతాయి, ఆ తర్వాత పాతవి చెరిగి కొత్తవి రాసుకుంటాయి. కొట్టుకు అంతకుమించి సాధారణంగా అక్కర్లేదు. ఇక్కడ ఒక్కసారి కట్టే పద్ధతే నాకు సరైనదిగా తోస్తుంది, ఎందుకంటే ఇందులో ఎవరి మాటా నమ్మక్కర్లేదు. డిస్కు మన బల్ల కింద ఉంది. పోతే కొత్తది కొనుక్కుంటాం. అదే బొమ్మలను తన దగ్గర దాచిపెడతానంటూ ఎవరైనా లైఫ్ టైమ్ అమ్మితే, రోజుకు 43 గిగాబైట్లు ఎప్పటికీ దాచే ఖర్చు ఎక్కడినుంచి వస్తుందని అడగాలి.

ఇక మధ్యలో ఉన్న ఏడాది, రెండేళ్ల పథకాలు. వీటికీ అదే కొలత పనికొస్తుంది. ఏడాదికి కడితే ఒక నెల ఉచితం అన్నప్పుడు 11 నెలల డబ్బు ముందే ఇచ్చి 12 నెలలు తీసుకుంటున్నాం. ఇందులో దాగిన వడ్డీ నెలకు నూటికి రూపాయి అరవై పైసలు. రెండు నెలలు ఉచితమైతే నూటికి మూడున్నర. ఒక నెలకూ రెండు నెలలకూ మధ్య ఇంత దూరం ఉందని చూడగానే తెలియదు. బ్యాంకులో డబ్బున్న ఉద్యోగికి ఒక నెల ఉచితం కూడా మంచి బేరమే. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి మిరప వేసిన రైతుకు ఒక నెల ఉచితం నష్టం, రెండు నెలల ఉచితం లాభం. ఇంకో జాగ్రత్త: పోల్చేటప్పుడు నెలలు కాదు, రోజులు లెక్కపెట్టాలి. 28 రోజుల ప్యాకైతే ఏడాదికి 12 కాదు, 13 సార్లు కట్టాలి. 2020 మొదట్లో ట్రాయ్ తెచ్చిన సవరణ ఆర్నెల్లు, అంతకు మించిన టీవీ చందాలకు కంపెనీలు తగ్గింపు ఇచ్చుకోవచ్చంది, ఎంత తగ్గించాలో చెప్పలేదు. కాబట్టి ఆ లెక్క మనమే చేసుకోవాలి. ఏడాది పథకానికి లైఫ్ టైమ్‌కు లేని బలం ఒకటుంది. డబ్బు ఇరుక్కునేది కొద్దికాలమే, పెట్టె పోయినా డిష్ ఖాతా పోదు, కొత్త పెట్టెకు మార్చుకోవచ్చు. 2019 ఫిబ్రవరిలో చానళ్ల ధరల పద్ధతి మొత్తం మారినప్పుడు కూడా ముందే కట్టిన దీర్ఘకాలపు ప్యాకులు గడువు దాకా నడవాలని, కొత్త పద్ధతికి మారాలనుకునేవాళ్లకు మిగిలిన డబ్బు సర్దాలని ట్రాయ్ చెప్పింది. గడువు రాసి ఉన్న ఒప్పందాన్ని నిలబెట్టడం నియంత్రణ సంస్థకు తేలిక. గడువు లేనిదాన్ని నిలబెట్టమని ఏ తేదీ చూపించి అడగగలం?

ఈ లెక్కలన్నీ చూసి, మనుషులు వడ్డీ పట్టికలు కారు అని ఎవరైనా అంటే ఆ మాటను తేలిగ్గా తీసేయను. మిర్చి గుంటూరు యార్డుకు పోయి డబ్బు చేతికొచ్చేది ఏడాదికొకసారి. ఆ వారం చేతిలో ఉన్నది ఆషాఢం నాటికి ఉండదు, సరిగ్గా ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చునే వానాకాలంలో రీఛార్జ్ లేక డిష్ ఆగిపోతుంది. డబ్బు ఉన్నప్పుడే కట్టేస్తే ఆ బాధ ఉండదు. ఈ నిశ్చింతకు నూటికి నలభై పైసలు ఎక్కువైనా ఇవ్వొచ్చని నేనూ ఒప్పుకుంటాను. కానీ దానికి కావలసింది పంట నుంచి పంట దాకా సరిపోయే చందా, అంటే ఏడాది. రెండో పంట డబ్బు రెండో ఏడాది వస్తుంది, ఆ చందా అప్పుడు కట్టుకోవచ్చు. నిశ్చింత పేరు చెప్పి మూడేళ్లకు, జీవితానికి కట్టేస్తే కొన్న నిశ్చింతలో ఎక్కువ భాగం వాడకుండానే మిగిలిపోతుంది.

మొదటి లెక్కకు తిరిగి వస్తే, 10,000 రూపాయల లైఫ్ టైమ్‌లో దాగి ఉన్నది నూటికి మూడు. మన వైపు మొత్తం దీనికంటే తక్కువైతే కట్టొచ్చు, ఎక్కువైతే నెలనెలా కట్టుకోవడం మేలు. గండాన్ని నెలకు నూటికి ఇలా విడగొట్టుకుందాం: పెట్టెది 80 పైసలు, అవసరానిది 40, కంపెనీది 20, మొత్తం రూపాయి నలభై. బ్యాంకు వడ్డీ 60 పైసలున్నవాడికి మొత్తం రెండు రూపాయలే, కట్టొచ్చు. రెండు రూపాయల వడ్డీవాడికి మూడు రూపాయల నలభై, కట్టకూడదు. వీటిలో వడ్డీ మన చేతిలో లేదు, కంపెనీ మన చేతిలో లేదు. పెట్టె ఉంది. దాన్ని అలమరలోంచి తీసి, చుట్టూ నాలుగు వేళ్ల సందు ఉండేలా బల్ల మీద పెట్టి, పైన కప్పిన లేసు గుడ్డ తీసేసి లోపలి వేడిని 10 డిగ్రీలు తగ్గించగలిగితే ఆ చిన్న అల్యూమినియం డబ్బాల ఆయుష్షు రెట్టింపవుతుంది. పెట్టె గండం 80 పైసల నుంచి 40కి దిగితే, రెండు రూపాయల వడ్డీవాడి మొత్తం సరిగ్గా మూడు రూపాయలు.